పొడిమంచు – ఇరవై నెలల చీటీ

మంచు విషయంలో మన తెలుగువాళ్ళకు మాటల కరువుంది. తెల్లారగట్ల గడ్డిపోచ మీద మెరిసేదీ మంచే, ధనుర్మాసంలో బస్సులను ఆలస్యం చేసేదీ మంచే, లంబసింగిలో జనం తెల్లవారకముందే లేచి చూడబోయేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. కురవని దేశంలో మాటలెందుకు పుడతాయి? అయితే ఒక్కచోట మాత్రం మన భాష ఇంగ్లీషును మించిపోయింది. స్కీయింగ్ చేసేవాళ్ళు ప్రాణం పెట్టే మంచును ఇంగ్లీషులో ‘పౌడర్’ అంటారు. మనం ‘పొడి’ అంటే చాలు. కందిపొడిలా వేళ్ళ సందుల్లోంచి జారేదీ పొడే, తడి లేనిదీ పొడే. ఆ మంచు గొప్పతనమంతా ఈ రెండర్థాలూ కలిసినచోటే ఉంది.

ఆ పొడిమంచు కోసం అమీర్‌పేటలో నలుగురం కూర్చుని వేసిన పథకం కథ ఇది. పథకమే గాని ప్రయాణం కాదని ముందుగానే మనవి చేస్తున్నాను. యాత్రా విశేషాలు ఆశించే పాఠక మిత్రులు పేజీ తిప్పేసినా నాకు కోపం లేదు.

మేం నలుగురం మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో ఒకే గదివాళ్ళం. ఒకరినొకరం ఊళ్ళ పేర్లతోనే పిలుచుకుంటాం: ఖమ్మం, పాలమూరు, గుంటూరు. నేను భౌతికశాస్త్రంలో పరిశోధన వెలగబెడుతున్నాను గనుక నన్ను ‘సైంటిస్టు’ అంటారు. ఆ పిలుపులో గౌరవం పాలు ఎంతో వాళ్ళే చెప్పాలి. మిగతా ముగ్గురూ కంప్యూటరు కోర్సులు పూర్తిచేసి, చిన్నవో పెద్దవో ఉద్యోగాల్లో కుదురుకున్నారు.

అమీర్‌పేట సంగతి మీకు తెలియనిది కాదు. అక్కడ గోడ కనిపించదు, బోర్డులే కనిపిస్తాయి. ఏ కోర్సుకు ఎన్ని రోజులు, ఏ దేశానికి ఏ పరీక్ష, అన్నీ ఆ బోర్డుల మీదే. ఇరవై ముప్ఫై ఏళ్ళుగా అక్కణ్ణించి విమానమెక్కినవాళ్ళు వేలమంది. వాళ్ళందరికీ ఒక కారణం ఉంది – చదువు, లేకపోతే ఉద్యోగం. కారణం లేకుండా సముద్రం దాటినవాణ్ణి మా సందులో నేను చూడలేదు. అందుకే పాలమూరు మిత్రుడు ఒక రాత్రి తన ఆఫీసులో జపాను వాళ్ళు చూపించారంటూ ఓ వీడియో పెట్టి, నడుంలోతు మంచులో ఒక మనిషి తెల్లటి పొగ లేపుకుంటూ కొండ దిగడం చూపించి, “పోదామారా?” అన్నప్పుడు ముందు ఎవరికీ నోరు పెగల్లేదు.

“పోయి ఏం చేస్తం?” అన్నాడు ఖమ్మం.

“జారుతం. పడతం. లేస్తం. మళ్ళొస్తం.”

“అంతేనా?”

“అంతే.”

ఆ ‘అంతే’ మమ్మల్ని పట్టుకుంది. మర్నాడు సాయంత్రం పంజాగుట్ట వెళ్ళి ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర కూర్చున్నాం. ఆయన కాగితం తీసి, “చదువుకా సార్, జాబుకా?” అని అడిగాడు. “ఆడుకోవడానికండీ” అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, “స్పోర్ట్స్ కోటానా?” అన్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ అంతకుముందు ఆయనకు ఆ జవాబు చెప్పి ఉండరు.

జపాను వీసాకు ఏ రోజు ఎక్కడుంటామో, ఏం చేస్తామో తేదీలవారీగా రాసివ్వాలని ఆయనే చెప్పాడు. దాంతో మా పథకం నిజంగా మొదలైంది.

మొదటి ప్రశ్న: జపానే ఎందుకు? దీనికి జవాబు చెప్పే పని నా మీద పడింది. శీతాకాలంలో సైబీరియా మీద చలిగాలి పేరుకుపోయి జపాను వైపు వీస్తుంది. బయల్దేరేటప్పుడు అది ఒట్టి ఎండుగాలి. దారిలో జపాను సముద్రం అడ్డం వస్తుంది. దక్షిణాన్నుంచి వచ్చే త్సుషిమా ఉష్ణప్రవాహం వల్ల ఆ నీళ్ళు గాలికన్నా బాగా వెచ్చగా ఉంటాయి. గాలి ఆ తేమంతా తాగి, అవతలి గట్టున కొండల్ని ఢీకొని, పైకి లేచి, మంచుగా కుమ్మరిస్తుంది. “మన ఈశాన్య రుతుపవనం బంగాళాఖాతం మీద నీళ్ళు తాగి నెల్లూరు మీద కురిసినట్టేరా” అన్నాను. గుంటూరు మిత్రుడికి అప్పుడర్థమైంది. “అంటే అది మంచుతుపానన్నమాట. మాకు తుపాను కొత్తేం కాదులే!” అన్నాడు.

ఈ గాలి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెరిపి లేకుండా వీస్తుంది. ఉత్తరాన హొక్కైడో దీవిలో నిసెకో అనే చోట ఏడాదికి సగటున 14, 15 మీటర్ల మంచు పడుతుందంటారు. నాలుగంతస్తుల మేడ ఎత్తు. పడింది పడ్డట్టు నిలవదు లెండి, కుంగుతుంది. ఇక అది పొడిగా ఎందుకుంటుందంటే, చలి ఎక్కువగా ఉన్నప్పుడు రేకు రేకూ విడివిడిగా దిగి, మధ్యలో గాలిని బంధిస్తుంది. ఒక సెంటీమీటరు వాన మామూలు మంచుగా మారితే పది సెంటీమీటర్ల మందం ఉంటుందనుకుంటే, ఈ పొడిమంచు పదిహేను, ఇరవై దాకా పొంగుతుంది. దూదిపింజె మాదిరి.

ఈ విద్యలో ఆదిగురువు ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుడే కావడం మన కళాశాల సంచికలో చెప్పుకోదగ్గ విషయం. ఉకిచిరో నకాయా 1900లో పుట్టి హొక్కైడో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పాడు. ఆ చలిదేశంలో ఖరీదైన పరికరాల కోసం ఎదురుచూడకుండా వాకిట్లో కురిసేదాన్నే పరిశోధనాంశం చేసుకున్నాడు. 1936లో ప్రయోగశాలలో, కుందేలు వెంట్రుక కొసన, ప్రపంచంలో మొట్టమొదటి కృత్రిమ మంచు స్ఫటికాన్ని పెంచాడు. చలి ఎంత, తేమ ఎంత అన్నదాన్నిబట్టి స్ఫటికం రూపు మారుతుందని తేల్చాడు. సుమారు సున్నాకు పదిహేను డిగ్రీల దిగువన, తేమ బాగా ఉంటే, ఆరు కొమ్మల నక్షత్రాలు పుడతాయి. పొడిమంచు అందమంతా ఆ కొమ్మలదే. పరికరాలు లేవని రోజూ నిట్టూర్చే పరిశోధక విద్యార్థిగా నేను ఆ కుందేలు వెంట్రుకను మా గది గోడమీద బొమ్మగా గీసి అంటించాను.

రెండో ప్రశ్న: ఎక్కడికి? ఇక్కడ మాలో రెండు పార్టీలేర్పడ్డాయి. గుంటూరు మిత్రుడికి బుల్లెట్ రైలు ఎక్కాలి. టోక్యోలో ఎక్కితే గంటంబావులో యుజావా. అక్కడ గాలా యుజావా అనే చోట రైలు దిగిన స్టేషన్లోనే స్కీ బూట్లు అద్దెకు తీసుకుని, అక్కణ్ణించే తీగెబండిలో కొండెక్కవచ్చు. నాదీ పాలమూరుదీ హొక్కైడో పార్టీ. నిసెకోలో అన్నుపురి అని 1,308 మీటర్ల కొండ ఉంది. దాని ఒడ్డున నాలుగు రిసార్టులు, ఎదురుగా 1,898 మీటర్ల యోతేయి అగ్నిపర్వతం. అన్నుపురి అన్నది అక్కడి అయినూ జాతివాళ్ళ భాషలోంచి వచ్చిన పేరు. వినగానే గుంటూరు, “ఇదేదో భోజన హోటలు పేరులా ఉందే” అని కాస్త మెత్తబడ్డాడు. చివరికి ముందు యుజావాలో నాలుగు రోజులు నేర్చుకోవడం, తర్వాత నిసెకోలో నాలుగు రోజులు – ఇలా రాజీ కుదిరింది.

“మనకేం చేతనైతదిరా ఈ వయసుల!” అని ఖమ్మం అనుమానపడ్డాడు. అతనికి నేను చెప్పిన సంగతి మీకూ చెబుతాను. జపాను వాళ్ళకు కూడా ఇది పుట్టువిద్య కాదు. 1911 జనవరి 12న నిగాటా ప్రాంతంలోని తకాదాలో థియోడర్ ఫాన్ లెర్ఖ్ అనే ఆస్ట్రియా సైనికాధికారి జపాను సైనికులకు ఒంటికర్రతో స్కీయింగ్ పాఠం మొదలుపెట్టాడు. అరవై యేళ్ళు తిరిగేసరికి, 1972 సప్పొరో ఒలింపిక్స్‌లో, 70 మీటర్ల స్కీ జంపులో బంగారం, వెండి, కంచు మూడూ జపాను వాళ్ళే పట్టుకుపోయారు. మన నిజామాబాదు జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014లో పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఎక్కడానికి పనికొచ్చిన కాళ్ళు దిగడానికి పనికిరావా?

కాళ్ళ విషయానికొస్తే, స్కీయింగ్‌కు కావలసింది తొడల బలమట. అందుకు చెప్పిన కసరత్తు చూసి మేం నలుగురం ఒక్కసారే నవ్వాం. గోడకు వీపానించి, కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు ఉండాలట. అది మన గోడకుర్చీ కాదూ! ఎక్కాలు రానందుకు మా మాస్టారు వేయించిన శిక్ష. రెండో కసరత్తు గుంజీలు. చిన్నప్పటి అల్లరి ఇన్నేళ్ళకు అక్కరకొచ్చింది. పొద్దున్నే గదిలో నాలుగు గోడలకూ నలుగురం గోడకుర్చీ వేసేవాళ్ళం. సాయంత్రం అమీర్‌పేట మెట్రో స్టేషన్లో ఎస్కలేటరు వదిలేసి మెట్లెక్కేవాళ్ళం. ఒక ఆదివారం టాంక్‌బండు కింద స్నో వరల్డుకు వెళ్ళి చేతి తొడుగులు పరీక్షించాం. అది యంత్రం చేసిన మంచు. పాలమూరు దాన్ని పిడికిట పట్టి, “ఇది ఐసుగోలా రా, పొడి కాదు” అని తేల్చేశాడు.

తిండి సంగతి కూడా రాసుకున్నాం. పాలమూరు శాకాహారి. జపానులో కూరగాయల పులుసులో సైతం చేప రసం ఉంటుంది. కాబట్టి కందిపొడి, కరివేపాకు పొడి, కుక్కరు. పొడిమంచులోకి పొడులు! అక్కడి వేడినీటి బుగ్గల్లో నూలుపోగు లేకుండా దిగాలన్న నియమం దగ్గర మాత్రం చర్చ ఎటూ తేలలేదు. ఆ పేరా ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

నవ్వులాటగా మొదలైనా, చదివినకొద్దీ భయం కూడా తెలిసింది. పొడిమంచు కొత్తవాళ్ళకు కాదు. నేర్చుకునేవాళ్ళు యంత్రంతో చదును చేసిన వాలు మీదే, స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి, ఆగడం నేర్చుకోవాలి. ఆగడం రాకుండా సాగడం ఈ ఆటలో కుదరదు. నిసెకోలో కొండ పైభాగానికి పోవడానికి గేట్లున్నాయి. అవి తెరిస్తేనే వెళ్ళాలి, తాడు కింద దూరితే పాసు రద్దు. చెట్ల మొదళ్ళ చుట్టూ మంచు వదులుగా ఉండి లోతైన గుంత దాగి ఉంటుంది. తలకిందులుగా పడితే ఒంటరిగా బయటికి రావడం కష్టం. అందుకే జతలో ఒకరినొకరు కనిపెట్టుకుంటూ పోవాలి. మంచుచరియల భయం ఉన్నచోట సంకేతయంత్రం, పార, పొడవాటి ఊచ లేకుండా అడుగు పెట్టకూడదు. బీమా కాగితంలో స్కీయింగ్ అని ప్రత్యేకంగా రాసి ఉందో లేదో చూసుకోవాలి.

వీటన్నిటికన్నా నాకు నచ్చిన నియమం ఒకటుంది. ప్రపంచంలో ఏ స్కీ వాలు మీదైనా ముందున్నవాడిదే దారి. పైనుంచి వచ్చేవాడికి కిందివాడు కనిపిస్తాడు, కిందివాడికి వెనక కళ్ళుండవు. కాబట్టి వెనకనుంచి వచ్చేవాడే చూసుకుని తప్పుకోవాలి, కాకపోతే ఆగాలి. పంజాగుట్ట సర్కిల్లో వెనకవాడు హారన్ కొడితే ముందువాడు తప్పుకోవడానికి అలవాటుపడ్డ మాకు ఇది వేరే లోకపు ధర్మశాస్త్రంలా కనిపించింది. ఖమ్మం దాన్ని పెద్దక్షరాలతో రాసి కుందేలు వెంట్రుక పక్కన అంటించాడు.

మూడో ప్రశ్న, అసలు ప్రశ్న: డబ్బు. విమానం ఢిల్లీ మీదుగానో బ్యాంకాక్ మీదుగానో, బస, అద్దె సామాను, పాఠాల రుసుము. 2024–25 శీతాకాలంలోనే నిసెకోలో నాలుగు రిసార్టుల ఉమ్మడి పాసు రోజుకు 10,000 యెన్లు దాటింది. యెన్ మన అర్ధరూపాయికి కాస్త ఎక్కువ. అన్నీ కలిపితే మా లెక్కలో మనిషికి రెండు లక్షల పైమాట. అమీర్‌పేట గదివాళ్ళ దగ్గర అంత డబ్బు ఒక్కసారి ఉండదు. ఉన్నది చీటీ. మా మెస్సు అక్క నడిపే చీటీలో చేరాం. ఇరవై మంది, నెలకు పదివేలు, ఇరవై నెలలు. మా నలుగురి చీటీలూ చివరి నాలుగు నెలలకు వదిలేస్తే తగ్గింపు పెద్దగా ఉండదు, చేతికి దాదాపు రెండు లక్షలొస్తాయి, జనవరికి విమానం.

పదమూడు నెలలు సక్రమంగా సాగింది. పద్నాలుగో నెలలో ఖమ్మం వాళ్ళ నాన్నగారికి గుండెనొప్పి వచ్చింది. అర్ధరాత్రి అంబులెన్సులో తీసుకొచ్చి పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్ అన్నారు. ఆ నెల చీటీకి ఇంకా ముగ్గురు పాడేవాళ్ళున్నారు. మెస్సు అక్క అందరినీ కూర్చోబెట్టి, “ఈ నెల పాట లేదు. ఆ పిలగాడికి ఇచ్చేద్దాం” అంది. ఎవరూ మారు మాట్లాడలేదు. అది చాలలేదు. పదిహేనో నెల గుంటూరు మాకెవరికీ చెప్పకుండా తన చీటీ పాడి, తెచ్చి ఖమ్మం చేతిలో పెట్టాడు. బుల్లెట్ రైలు కోసం నెలరోజులు మాతో పోట్లాడిన మనిషి అతనే.

ఆపరేషన్ బాగా జరిగింది. వారం తర్వాత నేను రాత్రి కాపలాకు వెళితే నాన్నగారు మెలకువగా ఉన్నారు. మా పథకం సంగతి ఆయనకు అప్పటికే తెలిసింది.

“ఆ మంచు ఊళ్ళో జనం ఏం జేస్తరయ్యా? మంచులో ఏం పండుద్ది?” అన్నారు. మెట్ట, మాగాణి రెండూ చేసిన రైతు ఆయన.

నిసెకో పక్కనున్న కుచ్చాన్ ఆలుగడ్డలకు పేరుపడ్డదని, యుజావా ఉన్న నిగాటా సీమ బియ్యానికి జపానంతటా గిరాకీ అని, చలికాలమంతా కొండమీద నిలిచిన మంచు వసంతంలో మెల్లమెల్లగా కరిగి మళ్ళలోకి దిగుతుందని చెప్పాను.

ఆయన కాసేపు ఆలోచించి, “అట్లయితే అది చెరువేనయ్యా. కొండమీది చెరువు. గండి పడకుండ, తూము దానంతటదే తెరుచుకునే చెరువు” అన్నారు. ఏడాదిపాటు నేను చదివిన కాగితాల్లో ఈ మాట ఎవరూ రాయలేదు.

ఇక మిగిలింది మా ఇద్దరి చీటీలు – పాలమూరుదీ, నాదీ. ఖమ్మం పట్టుబట్టాడు: “మీరిద్దరు పోయి రండిరా. నా వల్ల ఆగిపోయిందంటే నాకు నిద్రపట్టదు.” మాట తీసిపారేయదగ్గది కాదు. పాలమూరుకు మే నెలలో పెళ్ళి నిశ్చయమైంది. పెళ్ళయ్యాక ఇలాంటి ప్రయాణం కలలో మాట. నాకు పరిశోధన గడువు ముగుస్తోంది. తర్వాత ఏ ఊళ్ళో ఉంటానో తెలియదు. ఈ శీతాకాలం కాకపోతే మరెప్పుడూ కాదన్నది ఇద్దరికీ తెలుసు. ఇద్దరు వెళ్ళినంత మాత్రాన ఖమ్మానికి జరిగే నష్టం లేదు. అయినా అతనికి ఇంకా అయిదు నెలల వాయిదాలున్నాయి, మందుల ఖర్చుంది, గుంటూరు బాకీ ఉంది. ఆ రెండు చీటీల్లో ఒకదానితో గుంటూరు బాకీ తీరుతుంది, రెండోదానితో ఖమ్మానికి ఊపిరి సలుపుతుంది.

ఆ రాత్రి గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి పాలమూరు లేచి గోడ మీది కాగితం చూపించి, “నువ్వు రాసిందే గదరా, ఖమ్మం. ముందున్నోనిదే దారి. వెనకున్నోళ్ళం మేం ఆగుతం. ఇంగ మాట్లాడకు” అన్నాడు. ఖమ్మం గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాటి నుంచి ఆ విషయం ఎత్తలేదు.

జనవరి వచ్చింది, పోయింది. నిసెకోలో మంచు పడుతున్న రోజుల్లో మేం అమీర్‌పేటలో మామూలుగా మెస్సులో తిన్నాం. బాధ లేదంటే అబద్ధం. పాలమూరు ఆ వీడియో మళ్ళీ పెట్టలేదు. అయితే పొద్దున్నే గోడకుర్చీలు మానలేదు. ఎందుకంటే మెస్సు అక్క కొత్త చీటీ మొదలుపెట్టింది. నలుగురం మళ్ళీ చేరాం. పాలమూరుకు కాబోయే ఇల్లాలు సంగతంతా విని, “నేనూ వస్తాను” అందట, కాబట్టి తేదీలవారీ కాగితంలో ఇప్పుడు ఐదు పేర్లున్నాయి. ఈసారి ముందుగా గుల్మార్గ్ వెళ్ళి పడడం, లేవడం, ఆగడం నేర్చుకుని, ఆ తర్వాతే జపాను అని పథకం సవరించాం. ఖర్చూ తక్కువ, బుద్ధీ ఎక్కువ.

కొత్త చీటీలో పందొమ్మిదో పేరు ఖమ్మం వాళ్ళ నాన్నగారిది. ఆయన జపాను రారు. బోరు మోటారు మార్చుకోవాలట. అయినా ఫోన్ చేసినప్పుడల్లా ఆ కుచ్చాన్ ఆలుగడ్డ విత్తనం మన నేలలో వస్తదేమో కనుక్కోమంటున్నారు. ఆ విషయం తెలిసిన వ్యవసాయ కళాశాల మిత్రులెవరైనా ఉంటే మా గదికి ఒకసారి దయచేయగలరు. పొద్దున ఏడింటికల్లా వస్తే మేం నలుగురం గోడలకు ఆనుకుని ఉంటాం. కంగారుపడకండి, మాకెవరూ శిక్ష వేయలేదు.